మార్త తెచ్చిన వంతు

పడుగుకు గంజి పెట్టే పనికి ఎండ పనికిరాదు, గాలి పనికిరాదు. పడుగంటే మగ్గం మీదికి ఎక్కే నిలువు పోగుల వరస. దాన్ని వీధి పొడవునా గుంజల మధ్య సాగదీసి, జొన్నపిండి గంజిని పోగులకు పట్టించి, ఇరువైపులా మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో ఒకే దిక్కుకు దువ్వుతూ పోవాలి. తడి ఆరకముందే దువ్వడం పూర్తి కావాలి. ఎండెక్కిందంటే గంజి ముందే బిగుసుకుంటుంది, పోగుకు పోగు అంటుకుంటుంది. అలాంటి పడుగు మగ్గం మీద జానెడు నేసేలోపు నాలుగుచోట్ల తెగుతుంది. ఇది ఒంటరిగా చేసే పని కూడా కాదు. ఆరుగురైనా లేకపోతే పడుగు మొదట తడిపిన చోటు ఆరిపోతుండగా చివర ఇంకా తడుపుతూ ఉండవలసి వస్తుంది. అందుకే ఒకరి పడుగుకు ఇంకొకరు కుంచె పట్టుకుని రావడం సోలాపురంలోని తెలుగువాళ్ల నేతపేటల్లో మర్యాద. దానికి కూలి లేదు.

జోడ్‌భావి పేటలోని ఆ గల్లీలో పడుగు సాగదీయడానికి తగినంత తిన్నని జాగా ఒక్కటే ఉండేది. ఒకసారికి ఒకే పడుగు పట్టేది. తెల్లవారగానే వచ్చే తొలి వంతు ఎన్నో ఏళ్లుగా రాజారాంది. రాజారాం కార్ఖానాదారు. గల్లీలో సగం ఇళ్ల మగవాళ్లు అతని అసాములు, అంటే అతని నూలును అతని కొట్టంలో, అతని మగ్గాల మీద నేసి కూలి పుచ్చుకునేవాళ్లు. అతని పడుగులు లేచాక, ఎండ ఇళ్ల కప్పులు దిగి నేలమీద పరచుకున్నాక, సొంత మగ్గం ఉన్న మిగతావాళ్లకు చోటు దొరికేది. ఈ నియమాన్ని ఎవరూ పెట్టలేదు. ఎవరూ అడగలేదు గనుక అది నియమమైంది.

అడిగిన మనిషి జర్మనీ నుంచి వచ్చింది.

ఆమె పేరు మార్త. భర్త సిద్ధరాములు రంగుల పని తెలిసినవాడు. 1925లో బొంబాయి రంగుల వర్తకుడొకడు కొత్త నీలిమందు వాడకం నేర్చుకు రమ్మని అతణ్ణి జర్మనీకి పంపాడు. సిలీసియా కొండల్లో, అవిసె నార గుడ్డ మీద నీలి అద్దకం వేసే చిన్న కొట్టంలో అతడు మూడేళ్లు పనిచేశాడు. ఆ ఊరి పేరు టాన్నెన్‌గ్రుండ్. వాగు పక్కన ముప్పై చిల్లర ఇళ్లు, ఇంటికో మగ్గం, ఇంటికో మేక. మార్త ఆ ఇళ్లలో ఒకదాంట్లో నేతగాడి కూతురు. 1928లో వాళ్ల పెళ్లి అక్కడే జరిగింది. మరుసటి ఏడు ఇద్దరూ సోలాపురం వచ్చారు.

కొండ ఊరు అనగానే పేటలోని ఆడవాళ్లు మంచు, పూలు, చల్లగాలి గురించి అడిగేవారు. ఆ ప్రశ్నకే ఆమెకు కోపం వచ్చేది. ఆమె చెప్పిన ఊళ్లో మంచు ఐదు నెలలు కిటికీ గడప దాకా ఉండేది. పొలాలు ఎంత ఏటవాలుగా ఉండేవంటే మంచు కరిగేటప్పుడు పైమట్టి కిందిగట్టుకు జారిపోయేది. ప్రతి వసంతంలో ఆడవాళ్లు ఆ మట్టిని వీపు గంపల్లో ఎత్తి మళ్లీ పైకి మోసేవారు. అది జరిగాకే ఆలుగడ్డలు నాటేవారు. "మా అమ్మ నడుమును ఆ మట్టే తిన్నది," అనేది మార్త. "ఏటేట అదే మట్టి. మోసుడు, జారుడు, మల్ల మోసుడు. పూలట, పూలు!"

ఊరి చుట్టూ అడవే. ఆ అడవి ఒక జమీందారుది. ఊరివాళ్లకు వారంలో రెండు రోజులు నేలమీద రాలిన పుల్లలు ఏరుకునే అనుమతి మాత్రం ఉండేది. చేతిలో గొడ్డలి కనిపిస్తే అడవి కావలివాడు జరిమానా వేసేవాడు. చెట్టు మీదే ఎండిపోయిన కొమ్మను కిటికీలోంచి చూస్తూ చలికి వణికేవాళ్లమని ఆమె చెప్పినప్పుడు, పక్కింటి గంగుబాయి నోరు వెళ్లబెట్టింది. గంగుబాయి వితంతువు, సొంత మగ్గం మీద బతికే మనిషి. మార్తకు తెలుగు నేర్పింది ఆమే. అందుకే మార్త తెలుగులో తిట్లకు కొరత లేదు.

ఆ ఊళ్లో రొట్టె కాల్చుకోవడానికి అందరికీ కలిపి ఒకే పొయ్యి ఉండేది. వాగు ఒడ్డున రాతి గదిలో, మనిషి పట్టేంత గుహలాంటి పొయ్యి. మూడు వారాలకోసారి ఇంటింటివాళ్లూ వరసగా అందులో నల్లరొట్టె కాల్చుకునేవారు. చల్లారి ఉన్న పొయ్యిని మొదట వేడిచేసే ఇంటికి మిగతావాళ్లకంటే మూడింతల కట్టె ఖర్చయ్యేది. ఆ తర్వాతివాళ్లకు రాయి వేడిగానే దొరికేది. కట్టె లేని ఊళ్లో అది చిన్న విషయం కాదు. అందుకని ఇంటి గుర్తులు చెక్కిన చెక్కబిళ్లలను కుండలో వేసి వంతు తీసేవారు. ఒకసారి మొదట కాల్చిన ఇంటికి, అందరికీ మొదటి వంతు వచ్చి వెళ్లేదాకా మళ్లీ ఆ భారం ఉండేది కాదు. కావలివాడి ఇంటి బిళ్ల కూడా ఆ కుండలోనే ఉండేది. ఒక చలికాలం మొదటి వంతు ఆ ఇంటికి వచ్చింది. వాడి భార్య మోపెడు కట్టె ఇచ్చి పనిమనిషిని పంపి, వంతు మార్చుకుంటారా అని అడిగించింది. మార్త తల్లి పొయ్యిగది తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. కావలివాడి భార్య తానే వచ్చి పొయ్యి వెలిగించింది. తన ఊరి గురించి మార్త కోపం లేకుండా చెప్పే సంగతి అదొక్కటే.

సిద్ధరాములు 1937లో విషజ్వరంతో పోయాడు. నెమ్మది మనిషి, నీలి కాగు దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండేవాడో భార్య కోపం దగ్గరా అంతే జాగ్రత్తగా ఉండేవాడు. దినాలు కాగానే గల్లీ పెద్ద నర్సప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"చూడు బిడ్డా, మగదిక్కు లేని ఇల్లు. మగ్గం తీసి రాజారాం శేట్ కొట్టంల పెట్టు. నీడపట్టున కూలి దొరుకుతది. అచ్ఛా మనిషి."

"కాకా, మగ్గం ఎవరిది?"

"నీదే."

"కొట్టంల పెట్టినంక?"

నర్సప్ప తలపాగా సర్దుకున్నాడు. మార్త మగ్గాన్ని ఇంట్లోనే ఉంచింది. కానీ మగ్గం ఇంట్లో ఉంటే చాలదు, పడుగు బాగుండాలి. ఆమె వంతు వచ్చేసరికి ప్రతిసారీ ఎండ నడినెత్తికి ఎక్కేది. ఆ ఏడంతా ఆమె నేసిన కాలం కంటే తెగిన పోగులు ముడివేసిన కాలమే ఎక్కువ. చీరల్లో ముడులు తేలేవి. వర్తకులు మొహం చిట్లించేవారు.

మరుసటి ఏడు ఒక అమావాస్యనాడు, మగ్గాలకు సెలవు గనుక గల్లీ అంతా తీరికగా ఉన్నప్పుడు, ఆమె కుండ ఒకటి తెచ్చి అందరి మధ్యా పెట్టింది. వెదురు బద్దల ముక్కల మీద ఇంటింటి గుర్తూ గీసి ఉంచింది.

"ఇగ వంతు ఎవరిదో కుండ చెప్తది. అమాస అమాసకు తీద్దాం, ఎవరి బద్ద ముందొస్తే మరునాటి తొలిపొద్దు వాళ్లది," అంది.

మగవాళ్లు నవ్వారు. "పడుగుకు గుడ్క లాటరీ వచ్చెనా!" అన్నాడొకడు. గంగుబాయి వాడి వైపు తిరిగి, "నీకేం రా, శేట్ పడుగు లేచేదాక పండుకుంటవు. ఎండల మాడేది నా మొఖం," అంది. ఆడవాళ్ల వైపు నుంచి గొంతులు లేచాయి. నర్సప్ప రాజారాం వైపు చూశాడు. అందరూ చూశారు. రాజారాం తమలపాకు నములుతూ తాపీగా తల ఊపాడు.

"వెయ్యనియ్యుర్రి. న్యాయమే గద. మార్తక్క మన మంచికే చెప్తున్నది."

అతడు అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో మార్తకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది.

మొదటి నెలలు చక్కగా గడిచాయి. పేటకు వచ్చాక గంగుబాయి పడుగుకు తొలిసారి చల్లటి పూట దొరికింది. ఆమె పడుగు వీణ తీగల్లా విడివిడిగా నిలిచింది. తర్వాత ఒక నెల పెంటప్పకు తొలి వంతు వచ్చింది. పెంటప్ప సిద్ధరాములుకు చిన్నాన్న కొడుకు, మార్తకు మరిది. రాజారాం కొట్టంలో అసామి. ఇంట్లో అతనిదంటూ ఒక పాత మగ్గం ఉండేది, భార్య చంద్రభాగ నేసేది. ఆరోజు తెల్లవారి గల్లీలో చూస్తే సాగి ఉన్నది పెంటప్ప పడుగు కాదు, రాజారాం పడుగు.

"శేట్ అడిగిండు వదినె. ఇచ్చిన," అన్నాడు పెంటప్ప. "నాది నేనిచ్చిన. అండ్ల నీకేం పోయె?"

ఆ తర్వాత ఇంకో అసామి ఇచ్చాడు. ఆ తర్వాత అడగకముందే ఇవ్వడం మొదలైంది. పండుగకు కొబ్బరికాయ పట్టుకుపోయినట్టు తొలి వంతును పట్టుకుపోయి శేట్ గుమ్మంలో పెట్టేవారు. కుండ ప్రతి అమావాస్యకూ కదిలింది, బద్దలు బయటికి వచ్చాయి, తెల్లవారితే సాగేది మాత్రం రాజారాం పడుగే. మునుపు అతడు దాన్ని తీసుకునేవాడు. ఇప్పుడు అందరూ చేతులారా ఇస్తున్నారు. అతనికి కుండ వల్ల జరిగిన మేలు అది.

తప్పు ఎక్కడుందో మార్త అప్పుడు గుర్తించింది. టాన్నెన్‌గ్రుండ్‌లో మొదటి వంతు బరువు. దాన్ని వదిలించుకోవాలని చూసేవారే గాని ఇస్తే పుచ్చుకునేవారు ఉండరు. అందుకే వంతు ఒకరికొకరు ఇవ్వకూడదన్న కట్టుబాటు ఆ ఊరికి అవసరం పడలేదు. ఇక్కడ మొదటి వంతు వరం. వరం చేతిలో ఉన్నప్పుడు దాన్ని యజమానికి సమర్పించే మనుషులు ఉంటారని ఆమె కొండ ఊరు ఆమెకు నేర్పలేదు. ఈ తప్పు తనదేనని ఆమె ఒప్పుకుంది. కానీ కోపం మాత్రం తన మీద లేదు. రాజారాం మీద కూడా సగమే. తీసుకునేవాడి కంటే ఇచ్చేవాళ్లే ఆమెకు ఎక్కువ అసహ్యమయ్యారు. పెంటప్పతో రెండేళ్లు మాట్లాడలేదు.

యుద్ధం వచ్చాక ఆమెను ఠాణాకు పిలిపించి ప్రశ్నలడిగి పంపేశారు. పెళ్లితో ఆమె ఇక్కడి మనిషే అయింది గనుక అంతకుమించి ఏమీ జరగలేదు. రాజారాంకు మాత్రం కొత్త హాస్యం దొరికింది. "ఆడ జర్మనీవాళ్లు లండన్ మీద బాంబులేస్తున్రు, ఈడ జర్మనీ బాయి మన గల్లీ మీద చీట్లేస్తున్నది," అని చెప్పి తానే పెద్దగా నవ్వేవాడు. అసాములు శేట్ నవ్వు ముగిసేదాకా నవ్వేవారు.

1941 ఎండాకాలంలో గోవర్ధన్ అనే నూలు వర్తకుడు ఆమెకు సన్న నూలు ఒక పడుగుకు సరిపడా ఇచ్చాడు. అంత సన్న నూలు అంతకుముందు ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. "చీరలు సాఫ్ వస్తే ఎప్పటికీ నా నూలే నెయ్యి. ముడులొస్తే నా దుకాణం మెట్లు ఎక్కకు," అన్నాడు. అప్పటికి మిగతా వర్తకులందరూ ఆమెను మానేశారు. ఈ పడుగు చెడితే మగ్గం రాజారాం కొట్టానికి పోవలసిందే. వేరే దారి లేదు. అది ఆమెకు తెలుసు, గల్లీకి తెలుసు, రాజారాంకూ తెలుసు. వైశాఖంలో సన్న పడుగుకు ఎండలో గంజి పెట్టడం పడుగును చేజేతులా చంపడమే.

ఆ అమావాస్యకు కుండలోంచి ఆమె బద్ద మొదట వచ్చింది.

సాయంత్రం పెంటప్ప గుమ్మంలోకి వచ్చాడు. రెండేళ్ల తర్వాత అదే మొదటిసారి.

"వదినె, శేట్‌కు పెండ్లి చీరల ఆర్డర్ ఉన్నదట. రేపటి వంతు..."

"చెప్పు, పూర్తిగ చెప్పు. నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"రేపటి వంతు ఇయ్యమన్నడు. అందరిస్తున్నరు గద. నువ్వొక్కదానివి ఇయ్యకుంటే మంచిగుండది."

"ఎవలకు మంచిగుండది?"

"నా మీదికెందుకు వస్తవ్? నేను చెప్పొచ్చెటోణ్ణి. పొయ్యి శేట్‌నే అడుగు."

"అడిగేదేంది? నువ్వే చెప్పిపో. మార్త ఇయ్యదట అను. ఇంగోటి గుడ్క చెప్పు. నీ అన్న బతికుంటే నిన్ను నీలి కాగుల ముంచి మారుతి గుడి ముంగట ఆరేస్తుండె."

పెంటప్ప మెట్టు దిగుతూ వెనక్కి తిరిగాడు. "పడుగు నీదే, వంతు నీదే. కుంచె పట్టెటోళ్లెవరో చూసుకో మల్ల," అన్నాడు. అది బెదిరింపో హెచ్చరికో అతనికే తెలియదేమో.

తెల్లవారింది. మార్త, గంగుబాయి కలిసి గుంజలు నాటి పడుగు సాగదీశారు. గంజి కుండ సిద్ధంగా ఉంది, పోగులకు రాసే నూనె గుడ్డ సిద్ధంగా ఉంది, కుంచెలు గోడకు ఆనించి ఉన్నాయి. గాలి లేదు. అంతటి మంచి పూట ఆ నెలలో మళ్లీ రాదు. గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఇళ్లలో అందరూ మేలుకునే ఉన్నారు. పొయ్యిల పొగ కప్పుల మీదుగా లేస్తూనే ఉంది.

మార్త కొంతసేపు చూసింది. తర్వాత గల్లీ నడిమధ్యకు వచ్చి నిలబడింది.

"పెంటప్పా! కిటికీ సందుల నీ కన్ను కనబడుతున్నది. రెండోదిగుడ్క తెరువు, మంచిగ చూడు! నర్సప్ప కాకా, పెద్దమనిషివి, లేచినవా? న్యాయం అన్నవు గద, న్యాయం ఇయ్యాల లేవలేదా, జరమొచ్చిందా? మీ అందరి పడుగులకు నేను కుంచె పట్టలేదా? సిద్ధరాములు పాడె లేచిననాడు తప్ప ఏ పొద్దు రాకుంటి? శేట్‌తోని చెప్పుర్రి, మార్తకు చేతులు రెండే ఉన్నయి గని నోరు గల్లీ అంత ఉన్నదని!"

నర్సప్ప తలుపు తీశాడు, బయటికి రాకుండా గడప లోపలే నిలబడ్డాడు. "గట్ల మొత్తుకోకు బిడ్డా. నెమ్మది జెయ్యి. ఎవరన్న వస్తరు."

"నువ్వే రా! నీకు కాళ్లున్నయి గద!"

ఆయన రాలేదు. పెంటప్ప ఇంటి తలుపు మాత్రం ధడేలున తెరుచుకుంది. చంద్రభాగ కొంగు నడుముకు బిగిస్తూ బయటికి వచ్చింది. వెనక నుంచి పెంటప్ప ఏదో అన్నాడు. ఆమె వీధి అంతా వినిపించేలా, "నువ్వు శేట్ మనిషివి, నేను కాదు. నా పాత మగ్గానికి ఒక్కనాడు చల్లపూట దొరకనిచ్చినవా నువ్వు? ఇంట్ల కూసుండి చాయ్ తాగు పో!" అంది. కుంచె అందుకుంటూ మార్తతో, "అక్కా, ఏ దిక్కు నుంచి?" అని అడిగింది.

ముగ్గురే. మూడో మనిషి వచ్చింది గదా, ఇంకెవరైనా వస్తారేమోనని గంగుబాయి గల్లీ చివరి దాకా చూసింది. ఎవరూ రాలేదు. పడుగు మొత్తం ఒకేసారి తడిపితే ముగ్గురి చేతులు ఆరేలోపు చివరను అందుకోలేవు. మార్త గంజి కుండ అందుకుని, సగమే తడుపుదాం అంది. సగాన్ని తడిపి ముగ్గురూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెత్తుతూ దువ్వారు. ముందు సగం విడివిడిగా, నున్నగా ఆరింది. రెండో సగానికి వచ్చేసరికి ఎండ గోడ దిగి పోగుల మీద పడింది. గంజి కుంచెకు పట్టుకుని జిగురులా సాగింది. గంగుబాయి ఏడుస్తూ దువ్వింది, మార్త తిడుతూ దువ్వింది. రాజారాం మనుషులు ఇద్దరు తమ పడుగు మోసుకొచ్చి గల్లీ మొదట్లో ఎదురుచూస్తూ కూర్చున్నారు. రెండో సగంలో ఎన్నో చోట్ల పోగులు గుత్తులుగా అతుక్కుపోయాయి.

మొదటి సగం మగ్గం మీద ఆడినంతసేపు గల్లీలో ఆ మగ్గం చప్పుడు ఆగకుండా వినిపించింది. రెండో సగంలో చప్పుడు కంటే నిశ్శబ్దమే ఎక్కువ. ఆమె ఒక్క పోగునూ వదలలేదు, ప్రతిదాన్నీ ముడివేసింది. చీరలు తీసుకుపోతే గోవర్ధన్ వాటిని రెండు కుప్పలు చేశాడు. రెండో కుప్పను కాలితో పక్కకు జరిపాడు. మొదటి కుప్పలోని చీరను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇవీ అవీ ఒక్క చెయ్యేనా?"

"ఒక్క చెయ్యే. ఒక్క పడుగే. మనుషులు సగం మంది వచ్చిన్రు, చీరలు సగం వచ్చినయి."

అతడు ఈసారి సగం పడుగుకు సరిపడా నూలు తూచి ఇచ్చాడు. అంతకంటే ఇవ్వనన్నాడు.

తర్వాతి అమావాస్యకు మార్త కుండ తెచ్చి, వంతు ఇతరులకు ఇస్తే చెల్లదని, ఇచ్చినవాళ్ల బద్ద తిరిగి కుండలో పడుతుందని, ఆ నెలకు ఇంకో బద్ద తీస్తామని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె పెంటప్ప మొహం తప్ప ఇంకేదీ చూడలేదు. నర్సప్ప సరేనన్నాడు. అసాములు తలలు వంచుకున్నారు. రాజారాం ఆ రోజు రానేలేదు. అతడు వాదించడానికి కూడా రాలేదని గంగుబాయి సంతోషించింది.

అతనికి వాదించే అవసరం లేదు. ఏడాది తిరగకముందే అతడు హోట్గి రోడ్డు వైపు షెడ్డు వేసి పవర్‌లూములు పెట్టాడు. వాటికి గంజి పెట్టిన పడుగు మిల్లు నుంచి మగ్గానికి తగిలించే దూలం మీద చుట్టుకుని వస్తుంది. వీధి అక్కర్లేదు, తెల్లవారి చల్లదనం అక్కర్లేదు, ఆరుగురి చేతులు అక్కర్లేదు. గల్లీలోని అసాముల్లో అతనికి కావలసినంతమందిని తీసుకుపోయాడు. మిగతావాళ్లు మిల్లులకు పోయారు. పెంటప్ప షెడ్డుకు పోయాడు.

ఇప్పుడు తెల్లవారితే గల్లీ ఖాళీ. ఒక ఉదయం నర్సప్ప అరుగు మీద కూర్చుని, "చూసినవా బిడ్డా, పేట మొత్తంల నీ మాటే నిలిచింది. తొలిపొద్దు ఇగ నీదే," అన్నాడు.

"ఏం జేసుకోను కాకా తొలిపొద్దును?" అంది మార్త. గంజి కలుపుతున్న చేయి ఆపలేదు. "గా షెడ్డుకు పోయి అడుగు, ఆరుగురిని తెచ్చియ్యి. పూర పడుగు సాపుత."

ఆయన ఎవరినీ తేలేదు. ఆమె, గంగుబాయి, చంద్రభాగ ముగ్గురే సగం పడుగులు సాగదీసి, ఎండ గోడ దిగేలోపు దువ్వి లేపేవారు. ఆ తర్వాత ఆమె మగ్గం మీదికి నిండు పొడవు పడుగు ఎన్నడూ ఎక్కలేదు. మగ్గం మాత్రం ఇంట్లోంచి కదలలేదు.